రోజుకు ముప్పై కళ్లు

పోయిన నెల మా తమ్ముడికి కర్నూలులో కంటి శుక్లం ఆపరేషను చేయించాం. బయట కూర్చుని నేను కాఫీ సగం తాగేలోగా వాణ్ణి నడిపించుకుంటూ తీసుకొచ్చిన నర్సమ్మాయి, పన్నెండు నిమిషాల్లో అయిపోయిందని నవ్వుతూ చెప్పింది. మా మరదలు ఆ పిల్లకు దండం పెట్టింది. నేను మాత్రం ఈరోజు ఇది ఎన్నో కేసని అడిగాను. ఇరవై నాలుగోదట. ఆ తర్వాత మూడు రోజులూ వాడి కన్ను ఎర్రబడుతుందేమోనని పొద్దునా సాయంత్రం దగ్గరకు వెళ్లి చూస్తూనే ఉన్నాను, వాడు విసుక్కున్నా వినలేదు. వాడి కన్ను బాగానే ఉంది. నా భయమే పాతది.

రెండు వేల సంవత్సరం దాటిన ఆ తొలి ఏళ్లలో కడపలో ఆసుపత్రి అంటే ఒక డాక్టరు పేరేనని నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. నేను పనిచేసింది అలాంటి ఒక కంటి ఆసుపత్రిలో. పన్నెండు మంచాలు, ఒకే ఆపరేషను గది, ఆ గదికి పెద్ద నర్సును నేను. దాన్ని స్థాపించిన పెద్ద డాక్టరుగారు వారానికి రెండు రోజులు, రోజుకు ఆరేడు ఆపరేషన్లకు మించి చేసేవారు కాదు. కత్తెరలూ పట్టకార్లూ స్టీలు డబ్బాల్లో సర్ది, ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవులో పెట్టేవాళ్లం. డబ్బా మీద ఒక పట్టీ అంటించేవాళ్లం. ఆవిరి సరిగ్గా పట్టినప్పుడు ఆ పట్టీ మీది గీతలు నల్లబడతాయి. గీత నల్లబడని డబ్బా మూత తీయకూడదని, తీసిన చెయ్యి ఎవరిదైనా ఆ రోజుతో ఇంటికి పోవలసిందేనని ఆయన నాకు మొదటి రోజే చెప్పారు.

ఆయనకు వయసు మీదపడ్డాక అల్లుడుగారు వచ్చారు. బెంగళూరులో మేనేజ్‌మెంటు చదివిన మనిషి. చెడ్డవాడు కాదు, ఆ మాట ఇప్పటికీ అంటాను. అందరినీ మీరనే పిలిచేవాడు, ఆయాలతో కలిసి కూర్చుని ఉగ్గాణి తినేవాడు. వచ్చిన మొదటి వారమంతా ఆపరేషను గది తలుపు దగ్గర గడియారం పట్టుకుని నిలబడి, ఒక కేసుకూ మరో కేసుకూ నడుమ డాక్టరు చెయ్యి ఎంతసేపు ఖాళీగా ఉంటున్నదో కాగితం మీద రాసుకున్నాడు. ఆ తర్వాతి నెలలో గదిలోకి రెండో బల్ల వచ్చింది, ఇద్దరు కుర్ర డాక్టర్లు వచ్చారు, మైదుకూరు వైపూ రాజంపేట వైపూ ఊళ్లలో క్యాంపులు పెట్టి బస్సుల్లో ముసలివాళ్లను తేవడం మొదలైంది. రోజుకు ముప్పై కళ్లు అని గోడమీద చార్టు వేలాడదీశారు. కళ్లు పెరిగినంతగా పరికరాలు పెరగలేదు. ఇరవై ఏళ్లుగా ఆటోక్లేవు ఒక్కటే చూసుకున్న ముసలి అటెండరును, ఒక్క పనికి ఒక మనిషెందుకని మాన్పించారు. జనరేటరు లైను ఏసీకీ మైక్రోస్కోపులకూ ఇచ్చారు గానీ ఆటోక్లేవుకు ఇవ్వలేదు. ఆ వేసవిలో బోరు ఎండిపోయి నీళ్లు ట్యాంకర్లలో వచ్చేవి, అడుగున ఎర్రమట్టి పేరుకునేది.

ఇది ప్రమాదమని నేను చెప్పకపోలేదు. అల్లుడుగారు శాంతంగా విన్నాడు.

"మీరు చెప్పేది నిజమే సిస్టర్. వచ్చే నెల కొత్త మిషను వస్తాది. అంతవరకు సర్దుకుందాం."

పెద్ద డాక్టరుగారి గదికి వెళ్తే, ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. "నా మాట యాడ నడుస్తాండాదమ్మా ఇప్పుడు," అన్నారు. కొత్త మిషను ఆ నెలా రాలేదు, ఆ పై నెలా రాలేదు. ఏమీ జరగకుండా గడిచిన ప్రతి రోజూ, ఏమీ జరగదన్న ధైర్యాన్ని మాకు ఇంకాస్త పెంచుతూ వచ్చింది. ఆ ధైర్యమంత ప్రమాదకరమైనది ఆసుపత్రిలో ఇంకొకటి లేదని నాకు తర్వాత తెలిసింది.

మా మేనత్త మైదుకూరు దగ్గరి పల్లె నుంచి అలాంటి ఒక క్యాంపు బస్సులోనే వచ్చింది. పెద్ద డాక్టరుగారే చేసే రోజు దాకా ఆగమన్నాను. వినలేదు.

"ఎవరు చేస్తే ఏముందిమ్మే, లోపల నువ్వుండావు గదా," అంది.

ఆ మధ్యాహ్నం కరెంటు రెండుసార్లు పోయింది. రెండోసారి వచ్చాక ఆటోక్లేవులోంచి తీసిన డబ్బా మీద గీతలు నల్లగా లేవు, పలచని టీ రంగులో ఉన్నాయి. మళ్లీ పెడితే ముప్పావుగంట. బల్లల మీద ఇద్దరికి కంటికి మత్తు సూది వేసేశారు, డాక్టర్లిద్దరూ గ్లవుజులు తొడిగిన చేతులు దేనికీ తగలకుండా పైకెత్తి నిలబడి ఉన్నారు. ఆయా నా చెవిలో, "వద్దక్కా, ఇంకోసారి పెడదాం," అంది. అదే క్షణాన అల్లుడుగారు తలుపు సందులోంచి, "ఏం సిస్టర్, లేటవుతాండాదా?" అని మాత్రం అడిగాడు. కోపంగా కూడా కాదు. పట్టీ పాతదై ఉంటుందిలే, ఆవిరి చాలినంత పట్టే ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకుని మూత తీశాను. గంట తర్వాత అదే డబ్బాలోని పరికరాల కిందికి మా అత్తను చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించుకుపోయినదీ నేనే.

మరుసటి రోజు పొద్దున కట్లు విప్పుతుంటే, రాజంపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన కన్ను పీకుతున్నదని అప్పటికే మూలుగుతున్నాడు. కట్టు కింద రెప్పలు ఉబ్బి చీము కనబడింది. పక్క మంచంలోనూ అదే. మా అత్త దగ్గరకు వచ్చేసరికి, "కొంచెం మెరమెరమంటాండాది, అంతే," అని నాకే ధైర్యం చెప్పబోయింది. దూది తీసి చూశాను. కంటి నల్లగుడ్డు మీద తెల్లటి పొర కమ్మేసి ఉంది. ఆ రోజే ఏడుగురిని వ్యానులో హైదరాబాదు పంపించారు. ముగ్గురికి చూపు నిలిచింది. మిగతా నలుగురికి పోయింది. అందులో మా అత్త కన్నును తీసేయవలసి వచ్చింది.

విచారణకు ఒక అధికారి వచ్చే ముందు అల్లుడుగారు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, పల్లెటూరివాళ్లు మురికి పైటకొంగుతో కళ్లు తుడుచుకున్నారని చెప్పాలన్నాడు. ఆ మాట అనేటప్పుడు తల ఎత్తలేదు. అందరూ అలాగే చెప్పారు. నా వంతు వచ్చినప్పుడు నేను పట్టీ సంగతి చెప్పాను. డబ్బా తెరిచింది ఎవరని ఆ అధికారి అడిగాడు. నేనేనన్నాను. కలం ఆపి నన్ను ఒకసారి చూసి, ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో ఎవరికీ తెలియలేదు. రెండు నెలలు మూతపడిన గదికి కొత్త రంగు వేశారు, కొత్త ఆటోక్లేవు వచ్చింది, ఆసుపత్రి పేరు మార్చారు. ఉద్యోగం పోయింది నాకొక్కదానికే. తర్వాత రాజంపేటలో ఒక చిన్న క్లినిక్కులో పిల్లలకు టీకాలు వేస్తూ మిగతా ఏళ్లు గడిపాను, మళ్లీ ఏ ఆపరేషను గదిలోనూ అడుగుపెట్టలేదు.

మా అత్త దగ్గరకు వెళ్లి అంతా చెప్పేశాను. అరుగు మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తున్నది. ఒలవడం ఆపకుండానే విన్నది.

"ఆడ నువ్వొక్కదానివే లేవు గదమ్మే," అంది చివరికి.

ఆమె నన్ను తిట్టలేదు, పండగలకు చీర పెట్టడం మానలేదు. కానీ ఆ తర్వాత బతికిన అన్నేళ్లలోనూ జ్వరమొచ్చినా కాలు వాచినా ఒక్కసారి కూడా నాతో చెప్పలేదు. ఊళ్లోని సూదిమందు డాక్టరు దగ్గరకే పోయింది.

ఇప్పటి యంత్రాలకు ఆవిరి పూర్తిగా పట్టేదాకా తలుపే తెరుచుకోదట, మనిషి చేతిలో ఏమీ లేదట. మంచిదే, నేను సంతోషించే మనిషినే. అయితే ఆ రోజుల్లో రోగులు మనిషిని నమ్మి వచ్చేవారు. తప్పు జరిగితే వెళ్లి కూర్చోవడానికి ఒక అరుగు ఉండేది, తల దించుకోవడానికి ఎదురుగా ఒక ముఖం ఉండేది. ఇప్పుడు అద్దాల భవనాల్లో ఎక్కడో కూర్చుని రోజుకు ఎన్ని కళ్లో నిర్ణయించేవాళ్లు ఎవరో లోపలి నర్సుకు కూడా తెలియదు. ఏ యంత్రమూ పట్టుకోలేని తప్పు ఒకటి ఏదో ఒకరోజు జరిగితే, అక్కడి నుంచి ఎవరు లేచి ఎవరి ఇంటికి వెళ్తారో నాకు తోచదు.