చేను నడుమ ఆరు సాళ్లు

ఆ పొద్దు అన్న మీద అరిచినందుకు ఈనాటికీ నాకు పశ్చాత్తాపం లేదు.

మన్నళ్ళి దగ్గర మా అన్నదమ్ములిద్దరికీ ఉన్నది ఒకటే చేను. ఇంట్లో తినే జొన్నరొట్టె, గొడ్లు తినే సొప్ప అన్నీ దాంట్లోంచే. కొన్నేళ్లుగా జొన్న మోకాలెత్తుకే పసుపుబారి ఆగిపోతోంది. పంట మార్చి చూద్దామని ఒక ఏడు మక్క, ఒక ఏడు గోధుమ వేసి, పెద్ద తెలివిగల పని చేశామనుకున్నాం. బీదర్‌లో వ్యవసాయ ఆఫీసు మేడంకు వేర్లు చూపిస్తే తల పట్టుకుంది. కంటికి కనబడని పురుగులట. జొన్నయినా మక్కయినా గోధుమయినా వాటికి విందేనట. రెండేళ్లు చేనంతా కుసుమ వేయండి, ఆ నూనెగింజ పంటను పురుగు ముట్టదు, ఒక్క జొన్న మొక్క ఉండొద్దు అంది. అన్న తల ఊపాడు.

నేను బసవకళ్యాణ్‌లో పని చేస్తాను. విత్తింది అన్నే.

ఎళ్ళమాస వచ్చింది. మా వైపు ఆ అమావాస్యకు ఇంటిల్లిపాదీ చేనుకు పోయి, జొన్న దంట్లతో చిన్న గుడిసె కట్టి పూజ చేసి, అక్కడే పప్పులు, కూరగాయలు కలిపి వండిన భజ్జీ, రొట్టె తింటాం. పోయి చూస్తే కుసుమ నడుమ ఆరు సాళ్ల జొన్న. నా ఒళ్లు మండిపోయింది.

"ఇదేంది అన్నా?"

"పండుగకే తమ్మీ. ఆరు సాళ్లే గద. చేన్ల జొన్న లేకుంటే ఏం మొకం పెట్టుకొని భూమితల్లికి మొక్కుతం?"

"మేడం ముందర తల ఊపింది నువ్వే గద. గీ ఆరు సాళ్లు చాలు, పురుగు బతుకుతది. నువ్వు పూజ చేస్తున్నది పురుగులకు."

"పండుగ నాడు గా మాటలేంది?" అంది వదిన. నేను వినలేదు. ఒక దంటు పెరికి, మన్ను దులిపి అన్న చేతిలో పెట్టాను. వేర్లు నల్లబడి, అరిగిన చీపురులా ఉన్నాయి.

అన్న ఆ వేర్లను వేళ్లతో నలిపి చూశాడు. "అయితే గీ ఏడు ఆ రెండేళ్ల లెక్కల పడదా?"

"పడదు."

ఆ రోజు నేను భజ్జీ ముట్టలేదు. తెలియక చేసినవాడి మీద కోపం రాదు, తెలిసి తెలిసి చేశాడు.

ఈసారి ఎళ్ళమాసకు చేనంతా కుసుమే. ఎవరూ చెప్పకుండానే అన్న కుసుమ కొమ్మలతోనే గుడిసె కట్టాడు. ముళ్లు గీరి చేతులు నెత్తురయ్యాయి. నేను సాయం పోలేదు.

"ఇగ లెక్కపెట్టు, ఇది మొదటి ఏడు" అన్నాడు నాకు వడ్డిస్తూ.

తిన్నాను. రొట్టె బజారు జొన్నలది. ఆ ఆరు సాళ్లు లేకుంటే వచ్చే ఏడు మా రొట్టె మేము తినేవాళ్లం.