ఆ దెబ్బ కూడా పెట్టమన్న మా సుభద్రత్త

నిన్న పొద్దున ఫోన్ మోగింది. నంద్యాల నుంచి తమ్ముడు.

"అన్నా, అత్త పోయింది" అన్నాడు.

ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే మంచం మీద కూర్చుండిపోయా. పోయిన ఆదివారమే వీడియో కాల్‌లో "ఏందబ్బీ, చిక్కినావే" అని నవ్వింది.

సుభద్ర మా మేనత్త. మీలో చాలామంది ఆమెను చూసి ఉండరు. కానీ నేను స్క్రిప్ట్ రాసిన టెలిఫిల్మ్ చూసుంటారు. అందులో ఆళ్లగడ్డ ఎస్ఐ అత్త భర్త, మా మామే.

కథ నిజంగా జరిగిందే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడాది. అత్త అప్పుడే కాపురానికి వచ్చింది. స్టేషన్ వెనకే క్వార్టర్స్.

ఊళ్లో ఒక పెద్ద రైతు ఇంట్లో కాసులపేరు పోయింది. ఆయన తన సేద్యగాడు ఏసోబు మీద అనుమానం చెప్పాడు. ఆ రోజు ఇంట్లోకి జొన్న మూటలు మోసింది ఏసోబే.

మామ ఏసోబును స్టేషన్‌లో ఉంచి, మఫ్టీలో నంద్యాల బస్సెక్కాడు. కంసాలి అంగళ్లన్నీ తిరిగాడు. ఒకచోట కాసులపేరు దొరికింది. కరిగించమని తెచ్చిచ్చింది ఆ రైతు సొంత తమ్ముడే.

రైతు స్టేషన్‌కు పరిగెత్తుకొచ్చాడు.

"ఇంటి పరువప్పా. ఏసోబు మీదనే రాసెయ్. వానికేం పోతాది?"

మామ రాయలేదు. ఏసోబును వదిలేసి తమ్ముడి మీద కేసు కట్టాడు. కొన్నాళ్లకే నందికొట్కూరుకు ట్రాన్స్‌ఫర్.

మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ ఇంతే. నేనూ అంతే రాశాను.

ఆళ్లగడ్డలో షూటింగ్ అంటే అత్త చూడటానికి వచ్చింది. ఎస్ఐ ఏసోబును బెంచీ మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మెల్లగా ప్రశ్నలు అడిగే సీన్ తీస్తున్నారు.

"ఇట్ల కాదబ్బీ" అంది అత్త. "మీ మామ కొట్నాడు."

సెట్‌లో అందరూ ఆగిపోయారు.

చెంప మీద కొట్టాడట. ఆ చప్పుడు వంటింట్లో ఉన్న అత్తకు వినిపించింది. మధ్యాహ్నం అన్నం పెడుతూ అడిగింది.

"ఆయప్పే తీసింది మీరు చూసినారా?"

"ఆ రైతు చెప్పినాడు."

"ఆయన చూసినాడా?"

మామ సగం అన్నంలో లేచిపోయాడు. నంద్యాల బస్సెక్కింది ఆ తర్వాతే.

ఏసోబును వదిలిన రోజు అత్త మళ్లీ అడిగింది. "దొంగ దొరికినాడు, సరే. ఆ దెబ్బ సంగతేంది?"

సాయంత్రం ఇద్దరూ ఏసోబు ఇంటికి నడిచిపోయారు. మామ చాప మీద కూర్చుని, "తప్పు నాదే ఏసోబూ" అన్నాడు. ఏసోబు భార్య ఇచ్చిన నీళ్లు తాగి వచ్చారు.

మా డైరెక్టర్ తల పట్టుకున్నాడు. "హీరో ఇమేజ్ పోతుందమ్మా."

"పోతే పోనీ. ఆ దెబ్బ కూడా పెట్టు. లేకుంటే ఆయన కథ తీయొద్దు."

నేను పక్కకు తీసుకెళ్లి అడిగాను. "మామ లేడు. ఎవరికీ తెలియని సంగతి. ఇప్పుడెందుకత్తా?"

"ఏసోబుకు తెల్సు కదా" అంది.

అప్పటికి ఏసోబు కూడా లేడు.

ఆ సీన్ పెట్టాం. టీవీలో వచ్చిన మరుసటి రోజు అత్తకు ఒక ఫోన్ వచ్చింది. ఏసోబు కూతురు సుగుణమ్మ, నంద్యాలలో టీచర్‌గా చేసి రిటైరయ్యారు. నంబర్ ఎలా సంపాదించారో. అత్తకు సరిగ్గా వినపడదని నేనే స్పీకర్ ఆన్ చేశాను.

"మా నాయన దెబ్బ సంగతి మాకు ఎప్పుడూ చెప్పలేదమ్మా. ఎస్ఐ మా ఇంటికొచ్చి, చాప మీద కూర్చుని, నీళ్లు తాగిపోయినాడని మాత్రం సచ్చేదాకా చెప్పుకున్యాడు."

అత్త కొంగుతో కళ్లొత్తుకుంది.

"మీ నాయన పెద్ద మనసోడు తల్లీ" అంది. అత్త ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నిన్న సాయంత్రం నంద్యాలలో అంత్యక్రియలు అయిపోయాయి.

పోయిరా అత్తా. ఇంక ఎవరి తరఫునా అడగాల్సిన పని లేదు నీకు.

నిమ్మళంగా పడుకో.