మామగారి ముందు కుర్చీ

నిన్న సాయంత్రం మా కోడలు సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని, పక్కనే కూర్చున్న మా ఆయన పళ్ళెంలోంచి బొరుగుల ఉగ్గాని తీసుకుని తింటుంటే నాకు మా తోటికోడలు గుర్తొచ్చింది. నాకంటే పదేళ్ళు పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. బళ్ళారిలో ఒక కాలేజీలో సమాజశాస్త్రం చెప్పేది. మనిషి తన ఇష్టమనుకుని చేసే పనుల్లో సగం చుట్టూ ఉన్న నలుగురూ చేయించేవేనని పగలంతా పిల్లలకు చెప్పి, ఇంటికొచ్చాక మామగారు హాల్లో అడుగు పెట్టగానే టక్కున లేచి నిలబడేది. "పాఠం నోటికొచ్చింది గానీ మోకాళ్ళకు రాలేదు మే" అని తనే నవ్వేది.

మాది బజారులో బట్టల కొట్టున్న ఇల్లు. మామగారు కొట్టు నుంచి వచ్చి, కాఫీ తాగి, పేపరు చదివి, టీవీలో వార్తలు చూసి లేచేదాకా ఆడవాళ్ళెవరూ కుర్చీ ముట్టరు. ఆయన కోపిష్టేమీ కాదు, పాపం, మాట్లాడేదే తక్కువ. అయినా అత్తగారు వంటింటి గడప దగ్గర నిలబడేది. ఆమెను చూసి అక్క, అక్కను చూసి నేను.

నేను కడుపుతో ఉండగా ఎనిమిదో నెలలో నా కాళ్ళు అరటి బోదెల్లా వాచాయి. రక్తపోటు పెరిగింది, ఇట్లా నిలబడితే బిడ్డకే ముప్పని డాక్టరమ్మ కేకలేసింది. మామగారి ముందు ఎట్లా కూర్చునేదని నేను ఏడ్చాను.

"ఆయన నిలబడమని ఎప్పుడన్నా చెప్పినాడా? ఎవురూ చెప్పలేదు. ఒకర్ని చూసి ఒకరం నిలబడతాండాం" అంది అక్క. అయినా నాకు ధైర్యం చాలలేదు.

మర్నాడు సాయంత్రం మామగారు పేపరు విప్పగానే అక్క రెండు కుర్చీలు లాక్కొచ్చి ఆయనకెదురుగా వేసింది. ముందు తను కూర్చుంది. "చెల్లికి కాళ్ళు వాచినాయి మామా. ఒక్కతే కూచోమంటే కూచోదు, అందుకే నేను ముందు కూచున్యా" అంది. నేనూ కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

మామగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. "కూచోండమ్మా. మీ అత్త ముప్పై ఏండ్లు నిలబడింది. కూచోమనాలని నాకు తోచనే లేదు" అన్నారు. గడప వైపు తిరిగి ఆమెనూ రమ్మన్నారు.

బిడ్డ క్షేమంగా పుట్టాడు. ఆ సాయంత్రం అక్క చెప్పినంత గొప్ప పాఠం ఏ కాలేజీలోనూ ఎవరూ చెప్పి ఉండరని ఇప్పటికీ అంటాను. అత్తగారు మాత్రం రాలేదు. ఎన్నిసార్లు పిలిచినా "నాకు ఈడే బాగుండాదిలే" అనేది. ఒక్కసారి కుర్చీ అంచున కూర్చుని, మామగారు దగ్గగానే లేచి నిలబడింది. ఆయన చనిపోయేదాకా ఆమె ఆయన ముందు నిలబడే ఉంది. మాకు వేళకు అందిన మాట ఆమెకు ముప్పై ఏళ్ళు ఆలస్యంగా అందింది.