ఇటలీ మాటల మనిషి తువ్వాలు

చైనా యుద్ధం రోజులవి. కొత్త మొహం కనిపిస్తే చాలు, గూఢచారేమోనని చూసేవాళ్ళం. సూళ్ళూరుపేటలో నేనెక్కిన పాసింజరు బండిలో, కిటికీ పక్కన ఒక నడివయసు మనిషి నోటుబుక్కు ముందేసుకుని గొణుక్కుంటున్నాడు. "మి లావో, కడుక్కుంటాను. తి లావి, కడుక్కుంటావు."

"ఏం భాషన్నా అది?" అన్నాను.

"ఇటలీ వాళ్ళది. మనకి కడుక్కుంటా అంటే సరిపోతాది. వాళ్ళు 'నన్ను కడుగుతా' అని ఆ 'నన్ను' విడిగా చెప్పాల. అదే 'మి'. అక్కడే తప్పులు పోతా ఉండాయి."

వెనకటి పెద్ద యుద్ధంలో సిపాయిగా పోయి అక్కడ ఖైదీ అయ్యాడట. తప్పించుకుంటే ఒక రైతు భార్య గడ్డివాములో దాచి రొట్టె పెట్టిందట. ఇప్పుడామెకు జాబు రాయాలట.

"ఇన్నేళ్ళ తర్వాతా?" అన్నాను.

నవ్వి, మళ్ళీ నోటుబుక్కులో తల దూర్చాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నాయుడుపేటలో నీళ్ళకని దిగి, ప్లాట్‌ఫారం మీదున్న కానిస్టేబుల్‌కి చెప్పాను. అతనొచ్చి ఆ మనిషిని దిగమన్నాడు.

ఆ మనిషి లేచి, భుజం మీది తువ్వాలు తీసి తన చోట పరిచాడు. "రెండు నిమిషాల్లో వస్తానన్నా. కాస్త చూస్తా ఉండు," అని నాకే అప్పజెప్పి, నోటుబుక్కు చంకలో పెట్టుకుని వెళ్ళాడు.

బండి కదిలింది. అతను రాలేదు.

గూడూరులో జనం తోసుకుంటూ ఎక్కారు. చంటిబిడ్డనెత్తుకున్న ఒకామె తువ్వాలు వైపు చూసి, "ఈడ ఎవురన్నా ఉండారా?" అంది.

"ఉండాడమ్మా, వస్తాడు," అన్నాను. నా చోటు ఆమెకిచ్చి, నెల్లూరు దాకా నిలబడే వెళ్ళాను.