అన్న బిళ్ళ మార్చింది నేనే

ఓడ ఎక్కింది జూన్ నెలలో ఒక సోమవారం, పొద్దున ఆరూ ఇరవైకి. విశాఖపట్నం జెట్టీ మీద సన్నటి తుంపర. నా దగ్గర ఒక కిట్ బ్యాగ్, రెండు నీలం ఓవరాళ్ళు, ఇనుప ముక్కు బూట్లు, ఒక టార్చి, చప్పుడు వినపడకుండా చెవులకు పెట్టుకునే మఫ్‌లు ఒక జత. ఓడలోకి ఎక్కే గ్యాంగ్‌వే దగ్గర సెంట్రీ నా కాగితం చూసి, "ఇంజన్ రూమా? పాపం" అన్నాడు. ఎగతాళి అనుకున్నాను. వాడు నిజంగానే అన్నాడని నాలుగు రోజులకు తెలిసింది.

పాత గస్తీ ఓడ అది. రెండు పెద్ద డీజిల్ ఇంజన్లు, నాలుగు జనరేటర్లు. ఇంజన్ గది నీటిమట్టానికి కింద ఉంటుంది. పద్నాలుగు మెట్ల నిట్టనిలువు నిచ్చెన దిగాలి. ఇంజన్లు నడుస్తుంటే లోపల నలభై ఎనిమిది డిగ్రీలు. సీతారామపురం పక్క పల్లెలో గొర్రెల వెంట తిరుగుతూ పెరిగినవాణ్ణి, ఎండ నాకు కొత్త కాదు. కానీ ఎండకు గాలి ఉంటుంది. అక్కడ డీజిల్ వాసన తప్ప గాలి లేదు. నాలుగు గంటలు డ్యూటీ, ఎనిమిది గంటలు విశ్రాంతి. ఆ ఎనిమిదిలో సగం మళ్ళీ ఏదో ఒక పనే.

మొదటి డ్యూటీలోనే స్పానర్ జారి వేలి మీద పడి తెలుగులో తిట్టాను. పంపు వెనక నుంచి ఒక తల బయటికొచ్చింది.

"ఏ ఊర్రా నీది?"

"సీతారామపురం పక్కన."

"మాది ఆత్మకూరే. ఇంత దూరమొచ్చినా గొర్రెలోళ్ళ తిట్టు మర్చిపోలేదే!"

ఆయన మా సీనియర్ మెకానిక్. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. ఆరోజు నుంచి అన్న అన్నాను. జ్వరం చూసినట్టు పైపు మీద చెయ్యి పెట్టి, ఏ జాయింటు ఎన్నాళ్ళుంటుందో చెప్పేవాడు. ఎప్పుడూ తప్పు చెప్పలేదు. పెళ్ళాం మీద బెంగ వచ్చినప్పుడు మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా పంపులు తుడుచుకునేవాడు.

ఇక బోర్డు సంగతి. ఇంజన్ గది తలుపు బయట గోడకు ఒక చెక్క బోర్డు. రెండు వరుసల కొక్కేలు. ఒక వరుస పైన 'లోపల', ఇంకో వరుస పైన 'బయట' అని ఉంటుంది. ఒక్కొక్కరికి ఒక ఇత్తడి బిళ్ళ, దాని మీద నంబరు. దిగేటప్పుడు నీ బిళ్ళను లోపలి వరుసలో తగిలించాలి. ఎక్కాక బయటి వరుసలోకి మార్చాలి. ఎవరి బిళ్ళ వాళ్ళే మార్చాలన్నది నియమం. గదికి నిప్పంటుకుంటే మంట ఆర్పడానికి కార్బన్ డయాక్సైడ్ వదులుతారు. అది మంటతో పాటు మనిషి ఊపిరి కూడా ఆపుతుంది. అందుకే ఆ బోర్డు. లోపలి వరుసలో ఒక్క బిళ్ళ ఉన్నా గ్యాస్ వదలకూడదు.

మేం ఆ నియమాన్ని ఏనాడూ సరిగ్గా పాటించలేదు. డ్యూటీ దిగేసరికి చేతుల నిండా గ్రీజు, ఒంటి నిండా చెమట. ముందు ఎక్కినవాడు వెనక వచ్చేవాడి బిళ్ళ కూడా మార్చేసేవాడు. అది మాలో మర్యాద. బస్సులో స్నేహితుడి కోసం తువ్వాలేసి సీటు పట్టినంత మామూలు. మార్చకుండా పోతే, "ఏంది, నా బిళ్ళ నీకు బరువైందా?" అని అన్నే దెప్పేవాడు. మా మీద అజమాయిషీ చేసే చీఫ్‌కు తెలుసు. ఆయన పైనుండే ఇంజనీరు ఆఫీసరుకూ తెలుసు. ఎవరూ ఏమీ అనలేదు.

బయలుదేరే ముందు ఒక పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడన్నారు. తనిఖీ అంటే మాకు రంగులు పూయడం. నాలుగు రోజులు ఇంజన్ గదంతా బూడిద రంగు కొట్టాం. డీజిల్ ట్యాంకు కింద ఒక వాల్వు ఉంటుంది. అది మూస్తే ఇంజన్‌కు డీజిల్ అందదు. నిప్పంటుకున్నప్పుడు లోపలికి పోకుండా, పైనుంచి వైరు లాగి దాన్ని మూసే ఏర్పాటుంది. ఆ వైరు ఒక చిన్న గిలక మీద తిరుగుతుంది. నేను బ్రష్‌తో ఆ గిలక దగ్గరికి రాగానే అన్న చెయ్యి పట్టుకున్నాడు.

"ఆడ పెయింట్ కొట్టొద్దురా. పట్టేస్తాది."

వెనకే నిలబడ్డ ఇంజనీరు ఆఫీసరు, "తుప్పు కనిపిస్తోంది. కొట్టు" అన్నాడు.

కొట్టాను. మూడు పూతలు. వచ్చిన పెద్ద ఆఫీసరు అయిదు నిమిషాలున్నాడు. తెల్ల గ్లవ్ వేసుకున్న వేలితో ఒక రైలింగు రుద్ది చూసి, బాగుంది అన్నాడు. గిలక తిరుగుతుందా లేదా అని ఎవరూ లాగి చూడలేదు.

గస్తీ నలభై ఒక్క రోజులు. ఇరవై మూడో రోజు, పొద్దున పదీ నలభై. సముద్రం పొంగు మీద ఉంది, ఓడ పక్కకు ఊగుతోంది. కింద నేనూ అన్నా, పైన కంట్రోల్ రూములో చీఫ్. ముందు వాసన వచ్చింది. కుడి ఇంజన్ మీద సన్నటి డీజిల్ పైపు ఒకటి చీలి, ఎర్రగా కాలిన పొగగొట్టం మీదికి జల్లులా కొడుతోంది. "నిప్పు!" అని అన్న అరిచేలోగా మంట లేచింది. అన్న ఇంజన్ ఆపాడు. నేను ఫోమ్ సిలిండర్ ఒకటి ఖాళీ చేశాను, తర్వాత ఇంకొకటి. మంట తగ్గినట్టే తగ్గి మళ్ళీ లేచింది. ఇంజన్ ఆగినా ట్యాంకు నుంచి డీజిల్ దిగుతూనే ఉంది.

అన్న ఫోన్ ఎత్తాడు. ఒక చెవి మఫ్ పక్కకు లాగి అరిచాడు. "చీఫ్, పైనుంచి వాల్వు మూయండి!"

నేనూ మఫ్ తీసి ఫోన్ దగ్గర చెవి పెడితే అటు నుంచి చీఫ్ గొంతు వినిపించింది. "లాగుతున్నాం. వైరు రావడం లేదు. కదలడం లేదు."

అన్న నా వైపు చూశాడు. నేను చూపు దించుకున్నాను.

"నువ్వు పైకి పోరా" అన్నాడు. "పోయి హోస్ పైపు సిద్ధం చెయ్. నేను చేత్తో మూసి నీ యెనకాలే వస్తా ఉండా."

"నేనుంటాను అన్నా."

"పొమ్మంటే పోవేందిరా!"

పోయాను. కళ్ళలో పొగ. మెట్లు చేత్తో తడుముకుంటూ ఎక్కాను. తలుపు దాటి బోర్డు ముందుకొచ్చాను. నా బిళ్ళ తీసి బయటి వరుసలో పెట్టాను. తర్వాత అన్న బిళ్ళ తీసి బయటి వరుసలో పెట్టాను. ఆలోచించి చేసిన పని కాదు. వెనకాలే వస్తానన్నాడు. రోజూ చేసే పనే చేశాను.

టైము పదీ నలభై తొమ్మిది. నేను మలుపు అవతల, ఇరవై అడుగుల దూరంలో హోస్ విప్పుతున్నాను. ఇంజనీరు ఆఫీసరు పరుగున వచ్చి బోర్డు ముందు ఆగాడు.

"అందరూ బయటికొచ్చారా?"

"బోర్డు క్లియర్ సర్" అన్నాడు, కంట్రోల్ రూము నుంచి అప్పటికే అక్కడికొచ్చిన చీఫ్.

తలుపు మూసి బిగించారు. బిగించినా లోపలి నుంచి తెరవొచ్చు. సైరన్ మోగింది. గ్యాస్ వదిలే ముందు లోపలా బయటా మోగే సైరన్ అది. లోపల ఎవరైనా ఉంటే బయటికి రావడానికి అరనిమిషం టైము. నేను హోస్ బిగించేసి, ఆ అరనిమిషం చివర్లో తలెత్తి అన్న కోసం చూశాను. నా వెనక లేడు. చీఫ్ పక్కన లేడు. హోస్ వదిలేసి పరుగెత్తాను.

"అన్న లోపలున్నాడు! సర్, ఆపండి!"

ఆఫీసరు చెయ్యి అప్పటికే లీవరు మీద ఉంది. కిందికి దిగి ఉంది. ఆయన నన్ను చూడలేదు, బోర్డు వైపు చూశాడు. "బోర్డు క్లియర్‌గా ఉంది కదా" అన్నాడు. సిలిండర్ల నుంచి గ్యాస్ పోతున్న హోరు గోడలో వినిపించింది. ఒకసారి వదిలితే దాన్ని ఆపడం ఎవరి వల్లా కాదు.

మా నాయన సాయంత్రం దొడ్డి వాకిట్లో నిలబడి గొర్రెల్ని లోపలికి తోలుకునేవాడు. అంకెలు రావు. ఒక్కొక్కదాని మొహం చూసి పంపేవాడు. ఒకటి తక్కువైతే ఏది తక్కువైందో చెప్పి, లాంతరు తీసుకుని అడవిలోకి పోయేవాడు. ఆ ఓడలో మాలో చదువుకోనివాడు ఒక్కడు లేడు. ఒక్కడైనా మొహాలు చూడలేదు.

తలుపు తెరిస్తే గాలి లోపలికి పోయి మంట మళ్ళీ లేస్తుందని పద్నాలుగు నిమిషాలు తెరవనివ్వలేదు. తర్వాత ఆక్సిజన్ సిలిండరు వీపుకు కట్టుకుని, ముసుగు వేసుకుని నేనూ చీఫూ దిగాం. అన్నను మోసుకొచ్చాం. డాక్టరు చూసి తల అడ్డంగా ఊపాడు.

ఒడ్డుకు చేరిన వారానికి విచారణ. బల్ల వెనక ముగ్గురు ఆఫీసర్లు. బల్ల మీద నీళ్ళ గ్లాసులు, వాటి మీద మూతలు. మధ్యలో కూర్చున్నాయన అడిగాడు.

"అతని బిళ్ళ ఎవరు మార్చారు?"

మూడు ఫ్యాన్లు తిరుగుతున్నాయి. నేను వాటిలో మధ్యదాన్ని చూస్తూ నిలబడ్డాను.

"తెలియదు సర్."

ఆయన మళ్ళీ అడగలేదు. అడగాలని ఆయనకూ లేదు. మరణించిన మెకానిక్ బయటికి వచ్చి, తన బిళ్ళ తానే మార్చుకుని, ఎవరికీ చెప్పకుండా తిరిగి లోపలికి వెళ్ళాడని రాశారు. స్వయంకృత నిర్లక్ష్యం అన్నారు. వైరు ఎందుకు కదల్లేదో కాగితంలో లేదు. రంగు మాట అసలే లేదు. సకాలంలో గ్యాస్ వదిలి ఓడను కాపాడినందుకు ఇంజనీరు ఆఫీసరుకు మెచ్చుకోలు పత్రం ఇచ్చారు. కింద సాక్షిగా సంతకం పెట్టాను. తేదీ కూడా వేశాను. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

తర్వాత రెండేళ్ళకు సర్వీసు అయిపోయింది. ఉదయగిరి వచ్చి మోటార్లు బాగుచేసే షాపు పెట్టాను. జనానికి మాజీ సైనికుడంటే మోజు. వింజమూరులో ఒక స్కూలువాళ్ళు జెండా పండక్కి పిలిచి శాలువా కప్పారు. సముద్రం నడిమధ్య అగ్నితో పోరాడిన వీరుడని హెడ్‌మాస్టరు మైకులో అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. దండం పెట్టి కూర్చున్నాను. ఆ శాలువా ఇప్పుడు షాపులో పాత మోటారు మీద కప్పి ఉంది. దుమ్ము ఆపడానికి తప్ప ఇంకెందుకూ పనికి రాదు.

స్పేర్‌పార్టులకు నెల్లూరు పోవాలంటే ఆత్మకూరు మీదుగానే పోవాలి. బస్టాండులో బస్సు పది నిమిషాలు ఆగుతుంది. మూడేళ్ళు ఆ పది నిమిషాలూ కళ్ళు మూసుకుని కూర్చున్నాను. కిందటేడు ఎండాకాలంలో ఒకసారి దిగాను. దారి అడుగుతూ అన్న ఇంటికి పోయాను. వదిన వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. నేనెవరో చెప్పాను. కూర్చోమని చాప తీసింది.

"ఒకటడగతా చెప్పు" అంది. "సైరన్ మోగిందంట గదా. ఆయనకి ఇనపళ్ళేదా?"

"ఇనపడింది వదినా."

"మరెందుకు రాలేదు?"

"తన బిళ్ళ లోపలి వరసలో ఉండాదని అనుకున్నాడు. మనిషి లోపలుంటే గ్యాస్ వదలరని నమ్మకం."

"ఆ బిళ్ళ?"

"నేనే మార్చినాను. వస్తా ఉండా అన్నాడు, మార్చేసినాను. అడిగినప్పుడు తెలియదన్నాను."

ఆమె ఏడవలేదు. పరుస్తున్న చాప చుట్టేసి గోడకు ఆనించింది.

"నాకు చెప్పి నీ బరువు దించుకుందామని వచ్చినావా? ఆయనదే తప్పని రాసిన కాగితం నా పెట్టెలో ఉండాది. మా అత్త చచ్చేదాకా, నా కొడుకు అంత బుద్ధిలేనోడా అని కుమిలి కుమిలి చచ్చింది. ఆ ముసలమ్మకు చెప్పినావా? పో. ఆ రాసినోళ్ళకు చెప్పు. ఆ కాగితం మార్పిచ్చి తీసుకొని రా. అప్పుడు కూర్చుందువు."

నీళ్ళు కూడా ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే న్యాయం.

బిళ్ళ నేనే మార్చానని, రంగు నేనే పూశానని, పూయమన్నది ఎవరో కూడా రాసి మూడు ఉత్తరాలు పంపాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి విచారణ ముగిసిందన్నారు. మూడోదానికి అదే ముక్క, తేదీ మార్చి పంపారు. అప్పుడు అబద్ధం చెబితే ఒక్కసారికే నమ్మారు. ఇప్పుడు నిజం మూడుసార్లు చెప్పినా నమ్మేవాడు లేడు. నాలుగో ఉత్తరం రాశాను. దానితో పాటు ఇది కూడా రాస్తున్నాను. వాళ్ళు చదవకపోతే మీరైనా చదవండి.

యుద్ధం చూశావా అని టీ కొట్టు దగ్గర అడుగుతుంటారు. చూడలేదు. నేను చూసింది ముసుగు అద్దంలో నుంచి, టార్చి వెలుతురులో, ఒక మనిషిని. అన్న నిచ్చెన దగ్గర లేడు. తలుపు వైపు పాకలేదు. వాల్వు ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. చెవి మఫ్‌లు రెండూ మెడలోకి లాగేసుకుని ఉన్నాయి. తన టార్చిని వాల్వు తిప్పే చక్రం మీద వెలుతురు పడేలా పక్కన సర్ది పెట్టుకున్నాడు. రెండు చేతులూ చక్రం మీదే ఉన్నాయి. వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, ఆ చక్రం నేను తిప్పి చూశాను. ఇంకొక్క పిసరు కూడా తిరగలేదు. పూర్తిగా మూసేశాడు. పారిపోబోయిన మనిషి కూర్చునే తీరు కాదది. టైముంది కదా అని నిమ్మళంగా పని చేసుకుంటున్న మనిషి తీరు.