ఫోన్లో చదివి వినిపించిన ఆక్సిజన్

ఈ రోజంతా నేను ఆఫీసు కుర్చీకి అతుక్కుపోయాను.

అమలాపురంలోని మా కంపెనీ, రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ ఎంతుందో రైతులకు వెబ్‌పేజీలో చూపిస్తుంది. ఆ పేజీని నడిపే సర్వరు చూసుకునేది నేనే. పొద్దున్న హెడ్డాఫీసు వాళ్ళు, బయటివాళ్ళు చొరబడకుండా ఇంకో కొత్త ఫైర్‌వాల్ పెట్టారు. అప్పట్నుంచి పేజీ ఆఫీసులో తెరుచుకుంటోంది గానీ బయట ఎవరికీ రావడం లేదు. సెక్యూరిటీ టీముని అడిగితే నెట్‌వర్క్ టీముని అడగమన్నారు. వాళ్ళు మళ్ళీ సెక్యూరిటీ వాళ్ళనే అడగమన్నారు. ఆ ఫైర్‌వాల్‌ని ముట్టుకునే అధికారం నాకు లేదు.

పదకొండింటికి అల్లవరం నుంచి సత్తిబాబు గారనే రైతు ఫోన్ చేశారు.

"మేడంగారూ, ఇక్కడ మబ్బు పట్టేసిందండి. మబ్బేస్తే ఆక్సిజన్ పడిపోద్ది కదండి, ఎంతుందో తెలీక కంగారుగా ఉందండి. మీకు కనపడతందాండి?"

"నాకు కనిపిస్తోందండీ. మీకే..."

"ఆయ్, అయితే మీరే చూసి చెప్పెయ్యండి."

చూస్తే మూడుకు పడిపోయింది; నాలుగు దాటితేనే రొయ్యలకు క్షేమం. చెప్పగానే ఆయన పరిగెత్తి, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు వేశారు. కాసేపటికి నాలుగు దాటింది. ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం.

ఆ తర్వాత ఆయన నా నంబరు పక్క రైతులకూ ఇచ్చారు. సాయంత్రం దాకా అంకెలు చదువుతూనే ఉన్నాను. భోజనం డబ్బా మూత కూడా తీయలేదు.

బయల్దేరుతుంటే సెక్యూరిటీ వాళ్ళ మెయిల్ వచ్చింది. ఆఫీసులోంచి చూస్తే పేజీ బాగానే ఉందట, అందుకని ఫిర్యాదు మూసేశారట. వెంటనే సత్తిబాబు గారి ఫోను.

"రేపు ఆదివారం కూడా ఆఫీసుకొస్తారు కదండీ?"

వస్తానన్నాను. సర్వర్లు చూసుకునే ఉద్యోగమని చేరితే, నన్నే సర్వరు చేసేశారు. మీ ఆఫీసుల్లోనూ ఇంతేనా?