పెద్దమ్మ రొంటిన దోపుకున్న చీటీ

ఇప్పటి కుర్రకారు ఒక కంప్యూటరు లోపల ఇంకో కంప్యూటరును ఉత్తుత్తిగా సృష్టించి, దానికోసం రాసిన ప్రోగ్రామును దీనిమీద నడిపిస్తున్నామని గొప్పగా చెబుతుంటే నాకు నవ్వొస్తుంది. ఆ రోజుల్లో, అంటే అరవైల చివర్లో, నేనా పని ప్రత్తిపాడులో మా మిరపకళ్లంలో చేశాను, కరెంటన్నది లేకుండా. పదకొండు ముంతలు, మా బావ, మా పెద్దమ్మ, అంతే సరంజామా. నమ్మకపోతే మానేయండి, నేనేం బతిమాలను.

అప్పుడు నాకు గుంటూరులో, పత్తి మిరప రకాలను మడుల్లో వేసి పరీక్షించే ఒక ఆఫీసులో ఉద్యోగం. ఇంకా పర్మనెంటు కాలేదు. నన్ను ఆరు నెలలు కలకత్తా పంపి ప్రోగ్రాములు రాయడం నేర్పించారు. ఏ మడి ఎంత కాసిందో చెబితే ఏ రకం విత్తనం మేలో తేల్చే ప్రోగ్రాము ఒకటి, అక్కడి మిషను కోసం రాసుకుని మరీ వచ్చాను. తీరా వచ్చాక మాకు ఒక గంట వాడుకోమని ఇచ్చింది హైదరాబాదులో ఉన్న వేరే రకం మిషను! మా పై అధికారి (చేతిలో రూళ్లకర్ర లేకుండా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు, అందుకని రూళ్లకర్రగారే అందాం) కళ్లజోడు పైనుంచి చూసి, "ఒకదానికి రాసింది ఇంకోదాని మీద నడవదయ్యా. బుద్ధిగా హ్యాండిలు తిప్పుకో" అన్నారు. (హ్యాండిలంటే మా లెక్కల యంత్రానిది. దాన్ని తిప్పీ తిప్పీ నా కుడి భుజం ఎడమదానికన్నా లావెక్కింది.) "నడిపిస్తానండీ" అన్నాను. "నడవకపోతే?" "రిటైరయ్యేదాకా హ్యాండిలే తిప్పుతానండీ, ప్రోగ్రాముల ఊసెత్తను." ఆఫీసంతా విన్నది. నోరు జారానని తెలుసు. అయినా మాట వెనక్కి తీసుకుంటానా, ససేమిరా!

హైదరాబాదు మిషను నా దగ్గర లేదు గానీ, అది ఎలా పనిచేస్తుందో చెప్పే పుస్తకం ఉంది. అందుకని నా ప్రోగ్రామును దాని ఆజ్ఞల్లోకి మార్చి రాసుకుని, అది సరిగ్గా నడుస్తుందో లేదో చూడ్డానికి వారం రోజులు సెలవు పెట్టి ఇంటికెళ్లి, ఆ మిషనునే కళ్లంలో తయారుచేశాను. ముంతలకు సుద్దతో నంబర్లేసి వరసగా పేర్చాను, అంకెలు దాచుకునే చోట్లు అవి. మిషను లోపల అంకెను పట్టుకుని కూడికలు చేసే చోటొకటుంటుంది, అది పెద్దమ్మ ఒడి. మూడో క్లాసుతో చదువు ఆపేసినా కూడికలో ఆవిణ్ణి కొట్టేవాళ్లు ఊళ్లో లేరు. ఇక ఆజ్ఞలు చదివేది బావ. మార్కెట్టులో వేలం పాడే గొంతు, మెల్లగా మాట్లాడ్డం ఆయన వల్ల కాదు. "మూడో ముంతలోది ఒళ్లోకీ!" అని అరిచేవాడు, "నాలుగోది దానికి కలుపూ! ఏడో ముంతలో పెట్టూ!" మధ్యమధ్యలో మిరపకాయల ఘాటుకు మిషను మొత్తం తుమ్మేది. తొడిమలు తీసే ఆడవాళ్లు పని మానేసి ముక్కున వేలేసుకున్నారు. "చదువు ఎక్కువైతే ఇంతేనమ్మా" అని ఒకావిడ నా ముందే జాలిపడింది.

మూడు రోజులకు జవాబు వచ్చింది. చేత్తో చేసిన లెక్కతో అచ్చంగా సరిపోయింది. ఇంకేముంది, ప్రోగ్రామును మిషను చదివే కార్డుల మీద చిల్లులుగా కొట్టించి మీసం మెలేసుకుంటూ హైదరాబాదు పంపాను. పదిరోజులకు వచ్చిన కాగితం విప్పితే అన్నీ సున్నాలూ, తలాతోకా లేని అంకెలూ. రూళ్లకర్రగారు దాన్ని బల్లమీద పరిచి, "ఏమయ్యా, మన మడుల్లో సున్నాలు పండాయా?" అన్నారు. ఆఫీసంతా గొల్లుమంది. నాకు ఏడుపొచ్చిందని ఇప్పుడు ఒప్పుకుంటాను, అప్పుడు మాత్రం ఒప్పుకోలేదు. "గంటలో సగమే అయిందండీ. మిగతా అరగంట నాది" అని బస్సెక్కాను.

మళ్లీ ముంతలు పేర్చాం. ఈసారి నేను పెద్దమ్మ పక్కనే నిలబడ్డాను. "ఏడో ముంతలో పెట్టూ!" అన్నాడు బావ. పెద్దమ్మ చీటీ మీద అంకె రాసి ముంతలో వేసింది. వేసి, అటూ ఇటూ చూసి, అదే అంకె ఇంకో చీటీ మీద రాసి రొంటిన దోపుకుంది! "అదేంది పెద్దమ్మా? అంకె ముంతలో పెట్టగానే ఒడి ఖాళీ అవ్వాలని చెప్పానా లేదా?" అన్నాను. కలకత్తా మిషనులో ముంతలో పెట్టినా ఒళ్లో అంకె అలాగే ఉంటుంది. హైదరాబాదుదానిలో ఉండదు, ఒడి సున్నా అయిపోతుంది. తేడా అంతా అక్కడే ఉంది, నేనేమో ప్రోగ్రాములో దాన్ని మర్చేపోయాను. పెద్దమ్మ దోపుకున్న చీటీ వల్ల ఆ తప్పు నాకు కనపడకుండా పోయింది.

"ఊడ్చిపెట్టినట్టు ఎట్టా ఇస్తార్రా ఎవరైనా?" అంది పెద్దమ్మ. "పక్కింటికి చేరెడు బియ్యమిచ్చినా డబ్బా అడుగున నాలుగు గింజలన్నా ఉంచుతాం. పుట్టి బుద్ధెరిగి నేనేదీ ఖాళీ చేయలేదు. ఒట్టి ఒడితో కూర్చోమంటావా నన్ను?"

"మిషనులో అంతే పెద్దమ్మా!"

"దానికి బుద్ధి లేకపోతే నాక్కూడా లేదా? నేను మారను. నువ్వే ఏదో ఒకటి చేసుకో ఫో."

"అత్తయ్య మాట మీద నిలబడే మనిషిరా" అన్నాడు బావ, తుమ్ముతూ. నాకు కోపం నషాళానికి అంటింది. కళ్లం చుట్టూ రెండుసార్లు తిరిగాను. అప్పుడు తట్టింది, ఆవిడ చెప్పింది నిజమే కదా! మారాల్సింది పెద్దమ్మ కాదు, నా ప్రోగ్రాము. కూర్చుని, "ముంతలో పెట్టు" అన్న ప్రతిచోటా దానికింద ఒక కొత్త ఆజ్ఞ రాశాను: "అదే ముంతలోది మళ్లీ ఒళ్లోకి." అంటే పెద్దమ్మ చాటుగా చేసిన పనిని హైదరాబాదు మిషను చేత బాహాటంగా చేయించడమన్నమాట.

ఈసారి వచ్చిన కాగితాన్ని రూళ్లకర్రగారు మూడు పూటలు స్వయంగా హ్యాండిలు తిప్పి సరిచూశారు. ఒక్క అంకె తేడా రాలేదు. తర్వాత నా ప్రోగ్రాము తెరిచి, రూళ్లకర్రతో ఒక ఆజ్ఞను తాకి, "ఈ వరస చాలాచోట్ల ఉంది, ఏమిటిది?" అన్నారు. "మా పెద్దమ్మండీ" అన్నాను. నెల తిరక్కుండా ఉద్యోగం పర్మనెంటయింది.

తర్వాత ఎన్ని రకాల మిషన్లు చూశానో! ఒడి ఖాళీ చేయని మిషన్లు కూడా వచ్చాయి. అయినా నేను రాసిన ప్రతి ప్రోగ్రాములో ఆ వరస పెడుతూనే వచ్చాను. రిటైరయ్యే ఏడాది ఒక కుర్రాడు పట్టుకున్నాడు: "సార్, ఈ లైనుతో పనేమీ లేదు, తీసేయనా?" "వద్దు." "తీసేస్తే ఏమవుతుంది సార్?" "ఏమీ కాదు" అన్నాను. పెద్దమ్మ పోయి అప్పటికే చాలా ఏళ్లయింది. "అయినా తీయడానికి వీల్లేదు. ఆవిణ్ణి ఒట్టి ఒడితో కూర్చోబెట్టను." వాడికేం అర్థమవుతుంది, పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి వెళ్లాడు. నేను మాత్రం వాడటు వెళ్లగానే ఆ లైను ఉందో లేదో ఇంకోసారి చూసుకున్నాను.